వీఆర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మెడ పట్టేయకుండా వెనక్కి చూడటం ఎలా

డౌన్‌విండ్‌లో, అంటే దిగే ముందు రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి ఎదురు దిశలో ఎగురుతున్నారు. రన్‌వే ఎడమవైపు నుంచి వెనక్కి జారిపోతోంది. రన్‌వే మొదలు రెక్కకి 45 డిగ్రీలు వెనక కనిపించినప్పుడు బేస్‌కి, అంటే రన్‌వే వైపు తీసుకెళ్లే అడ్డ దారికి, తిరగాలని శిక్షణలో చెబుతారు. విమానం ముక్కు నుంచి లెక్కేస్తే అది 135 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న మెడ ఒక పక్కకి 70 నుంచి 80 డిగ్రీల వరకు తిరుగుతుంది. అందులోనూ చివరి పది డిగ్రీలు బలవంతంగా లాగితే వచ్చేవే. నిజమైన విమానంలో మిగతా దూరం కంటి చివరతో చూసేస్తాం, ఎందుకంటే మన చూపు అడ్డంగా 200 డిగ్రీల దాకా పరుచుకుని ఉంటుంది. మెటా క్వెస్ట్ 3 లాంటి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో, అంటే కళ్లకి కట్టుకునే తెరలో, అది 110 డిగ్రీలకు కుదించుకుపోతుంది. లెన్స్ అంచుల్లో బొమ్మ మసకబారితే పనికొచ్చే చూపు ఇంకా తగ్గుతుంది.

ఈ లోటంతా మెడతోనే పూడ్చాలని చూసేవాళ్లే ఎక్కువ. గంట తర్వాత మెడ పట్టేస్తుంది, నింద హెడ్‌సెట్ బరువు మీదకు వెళ్తుంది. బరువు పాత్ర కొంత ఉంది, కాదనను. అంతకంటే పెద్ద సమస్య పంపకంలో ఉంది. ఆ 135 డిగ్రీల్లో మెడకి ఎంత, నడుముకి ఎంత, కళ్లకి ఎంత, సాఫ్ట్‌వేర్‌కి ఎంత అని ఎవరూ ముందుగా అనుకోరు. మెడకి 60 డిగ్రీలు మించి పని చెప్పకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. మిగతా 75 డిగ్రీలు ఎక్కడి నుంచి తేవాలో కింద వరుసగా చూద్దాం. ఈ వరుసలోనే చేయండి. హెడ్‌సెట్, కుర్చీ సరిగ్గా కుదరకముందే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే నొప్పి దేనివల్ల వస్తోందో తేలదు.

1. హెడ్‌సెట్ బరువు సర్దుకోండి

మనిషి తల సుమారు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు ఉంటుంది. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. వాల్వ్ ఇండెక్స్ 809 గ్రాములు. బిగ్‌స్క్రీన్ బియాండ్ మొదటి మోడల్ 127 గ్రాములే. అయిదు కిలోల తల మీద అరకిలో ఎంత, పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ తల బరువు కేంద్రం మెడ పైకీలుకి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే ముందుకు ఉంటుంది. హెడ్‌సెట్ బరువంతా ముఖానికి ముందు, ఆ కీలు నుంచి దాదాపు 15 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. నిండు చెంబును ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇదే. ఉజ్జాయింపుగా లెక్కేసినా, తల ముందుకు వాలకుండా మెడ వెనక కండరాలు లాగి పట్టాల్సిన భారం సగానికి పైగా పెరుగుతుంది.

అందుకే తల వెనక 200 నుంచి 300 గ్రాముల బరువు కడితే, మొత్తం బరువు పెరిగినా మెడకి హాయిగా ఉంటుంది. బ్యాటరీ వెనక ఉండే స్ట్రాప్‌లు ఇందుకే బాగుంటాయి. ఇందులో ఒక తిరకాసు ఉంది. వెనక కట్టిన బరువు ముందుకు లాగే భారాన్ని తగ్గిస్తుంది గానీ, తలని పక్కకి తిప్పడం మొదలుపెట్టడానికీ ఆపడానికీ పట్టే శ్రమని పెంచుతుంది. పెద్ద విమానాలు నడుపుతూ గంటల తరబడి ముందుకే చూసేవారికి వెనక బరువు మంచి బేరం. డాగ్‌ఫైట్‌లో (యుద్ధ విమానాల ముఖాముఖి పోరులో) క్షణక్షణం తల తిప్పేవారు బరువు కలపడం కన్నా, ముఖానికి ఆనే ప్యాడ్‌ని పలచనిది వేసి హెడ్‌సెట్‌ని దగ్గరికి జరపడం మేలు. ఒక్క సెంటీమీటరు దగ్గరైనా తేడా తెలుస్తుంది, పైగా చూపు కూడా కొంచెం విశాలమవుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు హెడ్‌సెట్‌లో అమర్చే పవర్ లెన్సులు తీసుకుంటే ఈ దూరం తగ్గుతుంది.

స్ట్రాప్ బిగించే వరుస కూడా ముఖ్యమే. ముందు హెడ్‌సెట్‌ని ముఖానికి ఆనించండి. తర్వాత వెనక భాగాన్ని కిందికి లాగి, తల వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముకకి కిందగా కూర్చోబెట్టండి. పైనుంచి వచ్చే పట్టీతో ఎత్తు సరిచేసుకుని, చివర్లో పక్క పట్టీలు బిగించండి. బరువు మోయాల్సింది పై పట్టీ. చాలామంది దాన్ని వదులుగా వదిలేసి పక్కవి బిగిస్తారు. అప్పుడు హెడ్‌సెట్ జారకుండా బుగ్గలు, నుదురు మోయాలి, అరగంటలో తలనొప్పి మొదలవుతుంది. అడ్డంగా తల ఊపి చూడండి. బొమ్మ కదిలితే ఇంకో మెట్టు బిగించాలి, నుదుటి మీద నొక్కుకుపోతే ఒక మెట్టు వదలాలి.

రెండు కనుపాపల మధ్య దూరం కూడా మీ కొలతకే పెట్టండి. పెద్దవాళ్లలో సగటు 63 మిల్లీమీటర్లు, కానీ సగటుతో మీకు పని లేదు. అది తప్పుగా ఉంటే స్పష్టంగా కనిపించే చోటు కోసం తెలియకుండానే తలని అటూ ఇటూ సర్దుతూ ఉంటారు.

2. లెన్స్ రకం, మెడ నొప్పి

దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నిజజీవితంలో పక్కనున్న వస్తువు చూడాలంటే ముందు కళ్లు కదులుతాయి, 15–20 డిగ్రీలు దాటితే గానీ తల కదలదు. పాత ఫ్రెనెల్ లెన్సుల్లో స్పష్టత మధ్యలోనే ఉంటుంది. దాంతో పక్కనున్న ఇంధనం గేజ్ చదవాలన్నా తలే తిప్పాలి. గంటలో అలాంటి చిన్న తిప్పుళ్లు లెక్కలేనన్ని జరుగుతాయి. క్వెస్ట్ 3, పికో 4లో ఉన్న ప్యాన్‌కేక్ లెన్సుల్లో అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది కాబట్టి కళ్ల పని కళ్లే చేసుకుంటాయి. కొత్త హెడ్‌సెట్ కొనేటప్పుడు, మెడ బాధ ఉన్నవాళ్లు రిజల్యూషన్ అంకెల కన్నా ముందు లెన్స్ రకం చూడాలంటాను.

ఉన్న హెడ్‌సెట్‌తోనే చేయగలిగింది ఒకటుంది. ఫ్రేములు (సెకనుకి తెరమీద గీసే బొమ్మలు) పెంచుకోవడానికి ఫిక్స్‌డ్ ఫోవియేటెడ్ రెండరింగ్‌ని గట్టిగా పెట్టుకుని ఉంటే ఒక మెట్టు తగ్గించండి. అది బొమ్మ అంచుల్ని కావాలనే మసక చేస్తుంది, ఆ మసక మళ్లీ మిమ్మల్ని తల తిప్పేలా చేస్తుంది. కళ్ల కదలికను పసిగట్టే హెడ్‌సెట్లలో ఈ ఇబ్బంది లేదు, ఎటు చూస్తే అటే స్పష్టత వస్తుంది.

3. కేబుల్

కేబుల్ తల వెనక నుంచి నేరుగా కిందికి వేలాడితే, తల తిప్పిన ప్రతిసారీ అది వెనక్కి లాగుతుంది. భుజం దగ్గర చొక్కాకి గానీ కుర్చీ వీపుకి గానీ క్లిప్ పెట్టి, క్లిప్‌కీ తలకీ మధ్య రెండు వైపులా పూర్తిగా తిరిగినా బిగుసుకోనంత వదులు ఉంచండి. పైకప్పు నుంచి వేలాడదీసే కప్పీలు నిలబడి ఆడేవారికి బాగుంటాయి. కూర్చునేవారికి క్లిప్ చాలు.

4. కుర్చీ

తల ఆనించుకునే హెడ్‌రెస్ట్ ఉంటే తీసేయండి. తల తిప్పినప్పుడు వెనక స్ట్రాప్ దానికి తగిలి హెడ్‌సెట్‌ని ముందుకు తోస్తుంది. కుర్చీ వీపు ఎత్తు భుజాల దగ్గరికి ఆగిపోతే ఇంకా మంచిది, భుజాలు స్వేచ్ఛగా తిరుగుతాయి.

వెనక్కి బాగా వాలి కూర్చుంటే సుఖంగా ఉంటుందనుకోవడం సహజం. నడుముకి నిజంగానే సుఖం, కానీ ఒళ్లు వెనక్కి వాలినప్పుడు ముందుకు చూడాలంటే గడ్డం ఛాతీ వైపు వంచాలి. ఎఫ్-16 యుద్ధ విమానం సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, ఆ భంగిమ మెడకి ఇబ్బందన్న మాట ఆ విమానం పైలట్ల విషయంలో తరచూ వినిపిస్తుంది. ఇంట్లో కుర్చీ సీటుకీ వీపుకీ మధ్య 100 నుంచి 110 డిగ్రీల కోణం చాలు. నడుము వెనక చిన్న దిండు పెడితే ఛాతీ తెరుచుకుంటుంది, మెడ తనంతట తానే నిటారుగా నిలుస్తుంది.

తిరిగే కుర్చీ మీద కూర్చుని, జాయ్‌స్టిక్, త్రాటిల్ కుర్చీకే బిగించి ఉంటే వెనక్కి చూడటానికి కుర్చీనే కొంచెం తిప్పుకోవచ్చు. రడ్డర్ పెడల్స్ నేల మీద ఉంటే మాత్రం ఈ పని కుదరదు. అప్పుడు కుర్చీ చక్రాలు లాక్ చేసి, కదిలే పని నడుముకి వదిలేయాలి.

5. కాక్‌పిట్‌లో తల ఎక్కడుండాలి

వీపు ఆనించి, భుజాలు వదులుగా వదిలి, గడ్డం కొద్దిగా లోపలికి లాక్కుని ఎదురుగా చూస్తూ రీసెంటర్ (ఇప్పుడున్న తల స్థానాన్నే మధ్యగా తీసుకోమనే కమాండ్) నొక్కండి. డీసీఎస్ అనే యుద్ధ విమానాల సిమ్యులేటర్‌లో అది కీప్యాడ్ 5. ఏ సిమ్యులేటర్ అయినా ఈ కమాండ్‌ని జాయ్‌స్టిక్ మీది ఒక బటన్‌కి కేటాయించండి, ఎందుకంటే ఎగురుతూ ఉండగా నడుము జారి కూర్చునే పద్ధతి మారిపోతుంది. ముందుకు వంగిన భంగిమలో రీసెంటర్ చేస్తే, ఆ సెషన్ అంతా మీరు వంగే ఉండాలి. మెడ పట్టేసిన చాలా సందర్భాల్లో కారణం ఇంత చిన్నదే.

రీసెంటర్ అయ్యాక సీటు స్థానం సరిచేసుకోండి. కన్ను ప్యానెల్‌కి దగ్గరగా ఉంటే గేజులు పెద్దగా కనిపిస్తాయి గానీ, వాటికోసం బాగా కిందికి చూడాలి. కొంచెం వెనక్కి జరిపితే ఆ కోణం తగ్గుతుంది. సీటు పైకి లేపితే ముక్కు మీదుగా రన్‌వే బాగా కనిపిస్తుంది, ప్యానెల్ మాత్రం ఇంకా కిందికి దిగుతుంది. చదవడానికి ఇబ్బందైతే ముందుకు వంగకుండా జూమ్ బటన్ వాడండి. డీసీఎస్‌లో వీఆర్ జూమ్, స్పైగ్లాస్ జూమ్ అని రెండున్నాయి. ముందుకు వంగి చిన్న అక్షరాలు చదివే అలవాటు పక్కకి తిరగడం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే అది నిమిషాల తరబడి సాగుతుంది.

తలపైన ఉండే స్విచ్ ప్యానెళ్లకీ ఇదే సూత్రం. చూపుతో గురిపెట్టి నొక్కే పద్ధతి వదిలి, తరచూ వాడే స్విచ్‌లకు బటన్లు కేటాయించుకోండి. మెడ వెనక్కి వంచి, అలాగే పట్టుకుని, పైగా పక్కకి తిప్పడం మెడ కీళ్ల మీద బాగా ఒత్తిడి పెట్టే భంగిమ.

6. తిరిగే వరుస

కళ్లు, తల, భుజం, నడుము. ఇది వరుస. ఎడమ వెనక్కి చూడాలంటే ముందు కళ్లు ఎడమకి వెళ్లాలి, వాటి వెనకే తల, తల 40 డిగ్రీలు దాటకముందే ఎడమ భుజం వెనక్కి కదలడం మొదలుపెట్టాలి. చాలామంది తలని చివరిదాకా తిప్పి, ఇక తిరగదని తేలాక భుజం కదుపుతారు. అప్పటికే మెడ బిగిసిపోయి ఉంటుంది.

నడుము తిప్పడానికి చేతి ఆసరా తీసుకోండి. ఎడమ చేత్తో కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా లాగితే భుజాలు 25–30 డిగ్రీలు సులువుగా తిరుగుతాయి. యుద్ధ విమానాల్లో పైలట్లు కానొపీ (కాక్‌పిట్ మీది అద్దపు కప్పు) ఫ్రేమ్‌కున్న పిడి పట్టుకుని ఒళ్లు తిప్పి వెనక్కి చూస్తారు. గట్టి మలుపులో జీ బలం (ఒంటి బరువును ఎన్నో రెట్లు పెంచే ఒత్తిడి) పడకముందే తలని కావలసిన చోట పెట్టి, మలుపు అయ్యేదాకా అక్కడే ఉంచాలని వారికి నేర్పుతారు. 9 జీలో అయిదు కిలోల తల 45 కిలోల తలలా బరువెక్కుతుంది కదా. మనకు ఆ జీ లేదు, అయినా తలని ముందే చోటులో పెట్టి ఆపడమన్న అలవాటు మనకీ పనికొస్తుంది. విసురుగా తిప్పి, విసురుగా ఆపడం దగ్గరే కండరాలు దెబ్బతింటాయి.

కుడి చేతిలో స్టిక్ పట్టుకుని ఎడమకి ఒళ్లు తిప్పితే స్టిక్ కూడా ముందుకో పక్కకో జరుగుతుంది, విమానం మెల్లగా వాలిపోతుంది. అందుకే ముందు ట్రిమ్ చేసి (స్టిక్ వదిలినా విమానం నిలకడగా ఎగిరేలా సరిచేసి), స్టిక్‌ని వేలి కొసలతో పట్టుకుని, అప్పుడు తిరగండి. కుడి వెనక్కి చూడటం ఇంకా కష్టం, స్టిక్ చేయి అడ్డొస్తుంది. అటువైపు నడుము వాటా తగ్గించి సాఫ్ట్‌వేర్ వాటా పెంచుకోవచ్చు.

ఆకాశంలో వేరే విమానాల కోసం వెతికేటప్పుడు తలని ఒక చివర నుంచి ఇంకో చివరకి గీత గీసినట్టు తిప్పకండి. 10 డిగ్రీలకు మించని ముక్కలుగా చూపు కదుపుతూ, ఒక్కో చోట కనీసం ఒక సెకను ఆగాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పైలట్లకు సలహా ఇస్తుంది. కదులుతున్న కన్ను దూరంలోని చుక్కను పట్టుకోలేదు కాబట్టి ఆ సలహా. మెడకూ అది మేలే చేస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. విమానం ఒక పక్కకి వాలినప్పుడు మీ తల రెండో పక్కకి వంగుతుంది, దిగంతరేఖని అడ్డంగా ఉంచుకోవాలని. నిజమైన పైలట్లలోనూ ఇది అసంకల్పితంగా జరుగుతుంది. వరసగా ఎడమ మలుపులే తిరిగే సర్క్యూట్ (ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) సాధనలో మెడ కుడి పక్క మాత్రమే నొప్పి పెడితే కారణం ఇదే అయ్యుండవచ్చు. కొన్ని సర్క్యూట్లు కుడి వైపు ఎగరండి.

7. మిగిలిన డిగ్రీలు సాఫ్ట్‌వేర్ నుంచి

ఇప్పటికి మెడ నుంచి 60, నడుము నుంచి 25, కళ్ల నుంచి 15 లేదా 20. మొత్తం నూరు పైచిలుకు. ఇంకా 30–35 డిగ్రీలు కావాలి, సరిగ్గా వెనక తోక చూడాలంటే ఇంకా ఎక్కువ.

మామూలు మానిటర్ ముందు ట్రాక్‌ఐఆర్ (తల కదలికను పసిగట్టే పరికరం) వాడినవారికి ఇది కొత్త కాదు. అక్కడ తల కొంచెం తిప్పితే తెరమీద చూపు చాలా దూరం తిరుగుతుంది. వీఆర్‌లో ఎంత తిప్పితే అంతే. ఈ తేడాను పూడ్చడానికి ఎక్స్‌ఆర్‌నెక్‌సేఫర్ అనే ఉచిత టూల్ ఉంది. ఇది ఓపెన్‌ఎక్స్‌ఆర్ (సిమ్యులేటర్‌ని హెడ్‌సెట్‌తో కలిపే ప్రమాణం) మీద నడిచే సిమ్యులేటర్లలో పనిచేస్తుంది. అంతకుముందు వచ్చిన వీఆర్‌నెక్‌సేఫర్ స్టీమ్‌వీఆర్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారికి.

రెండు పద్ధతుల్లో వాడుకోవచ్చు. మొదటిది బటన్. ఎడమ బటన్ నొక్కితే చూపు ఒక్కసారిగా, ఉదాహరణకి 40 డిగ్రీలు, ఎడమకి మారుతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. రెండోది ఆటోమేటిక్. మీ తల ఒక హద్దు దాటగానే అదే చూపును కలుపుతుంది. కొత్తవాళ్లు బటన్‌తోనే మొదలుపెట్టాలి. చూపు ఎప్పుడు మారుతుందో మీ వేలికి ముందే తెలుసు కాబట్టి మెదడు తికమకపడదు.

ఆటోమేటిక్‌కి మారినప్పుడు రెండు కోణాలు పెట్టాలి: ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి. 55 డిగ్రీల దగ్గర మొదలై 45 దగ్గర ఆగేలా పెట్టి చూడండి. రెండూ ఒకే అంకె అయితే, తల ఆ గీత మీద కొంచెం వణికినా చూపు అటూ ఇటూ దూకుతుంది. ఎడం ఎక్కువైతే మామూలు చూపు తిరిగి రావడానికి తలని బాగా వెనక్కి తేవాల్సి వస్తుంది. ఒక్కో విమానానికీ ఈ అంకెలు మార్చుకోండి. బుడగలాంటి కానొపీ ఉన్న విమానంలో వెనక్కి చూడటానికి విలువ ఉంది. సెస్నా 172 లాంటి దానిలో రెక్క, కిటికీ స్తంభాల అవతలకి చూడటమే పని, 25–30 డిగ్రీలు కలిపితే చాలు.

చూపు దూకినప్పుడు ఎక్కడున్నామో తెలియాలంటే, దూకకముందు కనిపించిన వస్తువు ఏదో ఒకటి దూకాక కూడా కనిపించాలి. రెక్క కొన గానీ కానొపీ ఫ్రేమ్ గానీ రెండు చూపుల్లోనూ ఉండేలా చూపు దూకే కోణం ఎంచుకోండి. చాలామంది మొదట్లోనే 90 డిగ్రీలు పెట్టుకుని, దిక్కు తోచక టూల్‌ని తీసేస్తారు.

చూపు కోణంతో పాటు తల స్థానాన్ని జరిపే అమరిక కూడా ఉంటుంది. నిజంగా ఒళ్లు తిప్పి చూస్తే తల పక్కకి జరుగుతుంది, సీటు వీపు అడ్డం తప్పుకుంటుంది. కోణం ఒక్కటే మార్చి ఊరుకుంటే సీటు వీపే కళ్లకి అడ్డంగా నిలబడుతుంది. పక్కకి 8–10 సెంటీమీటర్లతో మొదలుపెట్టండి. ఇదంతా విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడే సరిచేసుకుని, తర్వాత నేరుగా ఎగిరే దశలో, చివరగా మలుపుల్లో పరీక్షించండి. ఆన్‌లైన్ సర్వర్లలో ఇలాంటి టూల్స్‌కి అనుమతి ఉందో లేదో నియమాలు చదువుకోండి.

చూపు మెల్లగా తిరిగితే బాగుంటుంది కదా అనిపించవచ్చు. చెవిలోపలి సంతులన అవయవం తల ఆగే ఉందంటుంటే, కళ్లు లోకం తిరుగుతోందంటాయి. ఆ గొడవలోంచే వికారం పుడుతుంది. చూపు ఒక్క ఫ్రేములో దూకితే కదలికే కనిపించదు కాబట్టి చాలామందికి అది తేలిగ్గా ఒంటబడుతుంది. తల తిప్పినదానికి ఒకటింపావో ఒకటిన్నరో రెట్లు చూపు తిప్పే పద్ధతీ ఉంది. అలవాటైనవాళ్లు దాన్ని మెచ్చుకుంటారు, డాగ్‌ఫైట్‌లో అది చురుగ్గా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. వీఆర్‌కి ఒళ్లు ఇంకా అలవాటు పడనివారు మాత్రం దాని జోలికి పోకపోవడమే మంచిది.

8. ఫ్రేములు తడబడితే మెడ బిగుస్తుంది

బొమ్మ నిలకడగా లేకపోతే మనకు తెలియకుండానే తలని బిగపట్టి నెమ్మదిగా తిప్పుతాం. ఆ బిగపట్టడమే కండరాలను అలసిపోయేలా చేస్తుంది. 90 హెర్ట్జ్ దగ్గర ప్రతి ఫ్రేముకీ 11 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 72 దగ్గర దాదాపు 14. ఒడిదుడుకులతో నడిచే 90 కన్నా నిలకడైన 72 మేలు. మేఘాలు, నీడలు తగ్గించండి, బొమ్మ స్పష్టతని చివరగా ముట్టుకోండి.

9. కండరాలు, విరామాలు

కూర్చునే ముందు రెండు నిమిషాలు చాలు. భుజాలు వెనక్కి తిప్పడం, తలని మెల్లగా రెండు పక్కలా తిప్పడం, గడ్డం లోపలికి లాగి అయిదు సెకన్లు ఉంచడం. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా పరస్పరం నెట్టడం మెడకి బలాన్నిస్తుంది. ఇలాగే పక్కలకూ, వెనక్కీ. తలని గుండ్రంగా గిరగిరా తిప్పడం వద్దు.

కొత్త హెడ్‌సెట్‌తో మొదటి వారం 20 నిమిషాలకు ఒకసారి తీసి పక్కన పెట్టండి. తర్వాత అరగంట, ముప్పావుగంట అని పెంచుకోవచ్చు. సుదూర విమానయానంలో ఆటోపైలట్ పెట్టుకున్నాక హెడ్‌సెట్ తీసేస్తే పోయేదేమీ లేదు.

మర్నాడు మెడ కండరం కొంచెం సలిపితే సాధారణం, ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. నొప్పి భుజం దాటి చేతిలోకి దిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, మెడ తిప్పగానే కళ్లు తిరిగినా, ముందెన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా హెడ్‌సెట్ ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడ డిస్క్ సమస్య ముందే ఉన్నవాళ్లు పక్కకి తిరిగే సాధన మొదలుపెట్టకముందే డాక్టర్‌ని అడగాలి. ఈలోగా బటన్ పద్ధతిలో కోణం 60కి పెంచుకుని, మెడని 30 డిగ్రీలు దాటనివ్వకుండా ఎగరొచ్చా అని కూడా అక్కడే అడగండి.